'అది గుడికి పోయింది' అన్న కోడలు

ప్రశ్న: మాది తిరుపతి. ఏడాది కిందట మా అబ్బాయి లక్నో అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇంటి నుంచే పని కాబట్టి ఆరు నెలలుగా ఇద్దరూ మా దగ్గరే ఉన్నారు. అమ్మాయి తెలుగు నేర్చుకుంటోంది కానీ మాటలో మర్యాద లేదు. మొన్న పక్కింటావిడ నా కోసం వస్తే 'అది గోవిందరాజుల గుడికి పోయింది' అని చెప్పిందంట. మా ఆయన్ని 'నాన్నా, నువ్వు కూర్చో' అంటుంది. ఏం పెట్టబోయినా 'అవసరం లేదు'. పులిహోర ఎట్లుందమ్మా అంటే 'పర్వాలేదు'. తిన్నావా అని అడిగితే మొహం చిట్లిస్తుంది. వాళ్ళమ్మానాన్న దర్శనానికి వచ్చి, కొండ దిగినాక మా ఇంట్లో ఒక పూటంతా ఉండి మెతుకు ముట్టలేదు. నేను వచ్చీరాని హిందీలో 'తుమ్ లోగ్ బైఠో, ఖానా ఖావో' అని ఎంత మర్యాదగా పిలిచినానో! పోతూ పోతూ నా చేతిలో డబ్బు కవరు పెట్టినారు. మా ఇల్లేమన్నా లాడ్జీనా? అప్పట్నించి ఫోన్లో కూడా ముక్తసరిగా మాట్లాడతా ఉండారు. అబ్బాయిని అడిగితే 'నువ్వే ఎక్కువ ఆలోచిస్తావు మా' అని లేచిపోతాడు. ఈ అమ్మాయితో ఎట్లా వేగేది?

జవాబు: అమ్మా, ముందు మీ కోడలికి తెలుగు నేర్పుతున్నది ఎవరో చూడండి. మీ అబ్బాయే. అతను మీతో మాట్లాడే తెలుగునే ఆమె వింటోంది, అదే తిరిగి మీకు వినిపిస్తోంది. చిత్తూరు, తిరుపతి ఇళ్ళలో కొడుకు తల్లినీ తండ్రినీ 'నువ్వు' అంటే ఎవరికీ పట్టింపు లేదు. కోస్తాలో తండ్రిని 'మీరు' అనే ఇళ్ళు చాలా ఉన్నాయి కానీ మన వైపు 'నాన్నా, నువ్వు కూర్చో' అన్నది ప్రేమగా అనే మాటే. కొడుక్కి చెల్లిన ఆ చనువు కోడలికి చెల్లదన్న సంగతి ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆరు నెలలుగా ఎవరూ చెప్పలేదు.

'అది' సంగతీ అంతే. హిందీలో మామగారికైనా, అత్తగారికైనా, బస్సుకైనా ఒకటే మాట, 'వో'. మనకు వాడు, అతను, ఆయన, వారు అని మగవాళ్ళకూ, అది, ఆమె, ఆవిడ, వారు అని ఆడవాళ్ళకూ మెట్లు మెట్లుగా ఉన్నాయి. దానికి తోడు మన క్రియాపదమే ఆమెను పక్కదారి పట్టిస్తుంది. 'బస్సు వచ్చింది', 'అమ్మ వచ్చింది' రెంటికీ ముగింపు ఒకటే. బస్సును 'అది' అన్నప్పుడు అమ్మను ఎందుకు అనకూడదని కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అనిపించడం న్యాయమే. చెల్లెలి వరసవాళ్ళ గురించి మీవాడు 'అది ఇంకా రాలేదా' అనడం కూడా వినే ఉంటుంది. ఇక 'పోయింది' అన్నది మన సీమలో మామూలు మాట. బడికి పోయినాడు, సంతకు పోయినారు అని రోజూ అంటూనే ఉంటాం. రెండూ కలిసి ఒకేసారి మీ మీద పడేసరికి వినడానికి ఘోరంగా ఉంది, ఒప్పుకుంటాను.

దీనికి మందు చిన్నదే. పెద్దవాళ్ళ విషయంలో ఆవిడ, ఆయన అనే మాటల జోలికే పోవద్దనండి. ఆ మెట్లు పట్టుబడటానికి ఏళ్ళు పడుతుంది. వరస పేరు ఎప్పుడూ తప్పు పోదు: 'అత్త గుడికి వెళ్ళారు', 'మామ పడుకున్నారు'. ఆ 'రు' ఎందుకో ఆమెకు కొత్తగా వివరించాల్సిన పని కూడా లేదు. నాన్న ఒక్కడే అయినా వాళ్ళు 'పితాజీ ఆయే హైఁ' అని బహువచనంలోనే అంటారు. 'వచ్చారు' అంటే ఆ 'ఆయే హైఁ' అని ఒక్కసారి చెబితే చాలు.

'కూర్చో' దగ్గర జరిగిన తప్పు కొంచెం వేరు. హిందీలో బైఠ్, బైఠో, బైఠియే అని మూడు మెట్లు. మనకు కూర్చో, కూర్చోండి అని రెండే. మన 'కూర్చో'ను ఆమె మధ్య మెట్టు అనుకుంది, మన దగ్గర అది కింది మెట్టు. వాళ్ళ 'ఇయే' ఉన్న ప్రతిచోటా మనం 'అండి' పెడతామని చెప్పండి. ఆయియే అంటే రండి, ఖాయియే అంటే తినండి, దేఖియే అంటే చూడండి. చదువుకున్న అమ్మాయి, ఒక సాయంత్రంలో పట్టేస్తుంది. మిమ్మల్ని మాత్రం 'మీరు' అనకపోయినా బాగుంటుంది అనిపిస్తే అదీ మీ చేతిలోనే ఉంది. మన వైపు వాక్యం చివర వచ్చే వరస పేరు సగం గౌరవాన్ని మోస్తుంది. 'తిను' అన్నదానికీ 'తిను అత్తా' అన్నదానికీ ఎంత తేడా ఉందో మీకు తెలుసు. ఆ 'అత్తా' ఎక్కడ తగిలించాలో నేర్పండి.

అన్నట్టు, 'దయచేసి' అనే మాట నేర్చుకుని ఉంటే మాన్పించండి. 'దయచేసి నీళ్ళు ఇవ్వండి' అంటే బస్టాండులో మైకు మాట్లాడినట్టుంటుంది. 'కాస్త నీళ్ళిస్తారా' చాలు.

ఇక 'అవసరం లేదు'. మీకు బాగా గుచ్చుకున్నది ఇదేననిపిస్తోంది. మన తెలుగులో ఆ మాట ఇంటి గుమ్మం ముందుకొచ్చి సామాను అమ్మేవాడితో అనేది, లేదా అలిగినవాళ్ళు అనేది. హిందీలో ఎవరైనా ఏదైనా తెచ్చిపెడితే 'అరే, ఇస్కీ క్యా జరూరత్ థీ' అంటారు. దీని అవసరం ఏముంది అని మాట, ఎందుకండీ మీకింత శ్రమ అని భావం. మర్యాద అంతా అందులోనే ఉంది. దాన్నే ఆమె మాటకు మాట తెలుగులో పెట్టి ఉంటుంది. బదులుగా ఆమె నోటికి రావాల్సినవి ఇవి: ఏదైనా తెచ్చిస్తే 'ఎందుకత్తా శ్రమ', వడ్డిస్తుంటే 'చాలత్తా', ఆకలి లేకపోతే 'కాసేపాగి తింటా'. నిజంగానే వద్దనుకున్నప్పుడు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టమనండి. ఆ సైగ మనవాళ్ళందరికీ అర్థమవుతుంది, నోరు తెరిచే పని లేదు.

మీ వైపు నుంచి కూడా ఒక హద్దు కావాలి. మొదటి 'చాలు'ను మనం లెక్కపెట్టం, ఇంకొక గరిటె వేస్తాం. అది సరే. రెండోసారి వద్దంటే ఆపేయండి. పెనెలపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో మర్యాద మీద ఒక సిద్ధాంతం ప్రకటించారు. వాళ్ళు ఆధారంగా తీసుకున్న భాషల్లో మన పొరుగు తమిళం కూడా ఒకటి. ప్రతి మనిషికీ రెండు కోరికలుంటాయన్నది అందులోని మూలం: నన్ను తమలో కలుపుకోవాలి, నా జోలికి అతిగా రాకూడదు. కొసరి కొసరి వడ్డించడం మొదటిదాన్ని తీరుస్తుంది, రెండోదాన్ని నొప్పిస్తుంది. 'తిన్నావా' కూడా ఇట్లాంటిదే. మీరు పలకరిస్తున్నారు, లాప్‌టాప్ ముందు మీటింగులో ఉన్న ఆమెకు అది తనిఖీలా వినిపిస్తోంది. ఆ ప్రశ్నకు లెక్క చెప్పనక్కర్లేదు, 'ఆఁ అత్తా, మీరు తిన్నారా' అని ఎదురు అడిగితే పలకరింపు పూర్తయిపోతుంది అని ఆమెకు చెప్పండి. మీరేమో గది తలుపు వేసి ఉన్నప్పుడు అడగడం మానండి.

'పర్వాలేదు' గురించి రెండే ముక్కలు. సారీ చెబితే మనం పర్వాలేదంటాం, ఆలస్యమైనా పర్వాలేదంటాం. అందుకని అదొక మంచి మాట అని ఆమె అనుకుంటోంది. వంట ఎట్లుందంటే పర్వాలేదనడం ముప్పై అయిదు మార్కులు వేయడమని ఆమెకు తెలియదు. 'బాగుందత్తా' నేర్పండి. ఇంకొంచెం అడిగి వేయించుకోవడం అంతకంటే పెద్ద మెచ్చుకోలు అనీ చెప్పండి.

వీటిని నేర్పే పద్ధతి ఒకటుంది. తప్పు దొర్లిన క్షణంలో, అందులోనూ పక్కింటివాళ్ళ ముందు, దిద్దకండి. దిద్దితే ఆ అమ్మాయి ఇక తెలుగు మాట్లాడటమే మానేసి మీవాడి చాటున దాక్కుంటుంది. ఆమె తప్పుగా అన్నదాన్నే మీరు జవాబులో ఒప్పుగా అనండి. 'మామ వచ్చింది' అంటే 'మామ వచ్చారా? సరే, కాఫీ పెడతా' అనండి. పసిపిల్లలకు మాటలు మనం నేర్పేది ఇట్లానే కదా. వారానికి ఒక్క అంశమే పెట్టుకోండి. మొదటి వారం 'వచ్చారు, వెళ్ళారు', రెండో వారం 'అండి', ఆ తరవాత వడ్డన మాటలు. బయటికి వెళ్ళేటప్పుడు 'వెళ్ళొస్తా', 'పోయొస్తా' అనాలన్నది కూడా ఎక్కడో ఒకచోట కలపండి. వాళ్ళు 'చల్తే హైఁ' అంటారు కాబట్టి ఆమె ఉత్త 'పోతున్నా' అనేసే ప్రమాదం ఉంది.

వియ్యంకుల సంగతి వేరు, అది వ్యాకరణం కాదు. ఉత్తరాదిలో చాలా కుటుంబాల్లో పెళ్ళయిన కూతురి ఇంట్లో తల్లిదండ్రులు భోజనం చేయరు. కొందరు మంచినీళ్ళు కూడా ముట్టరు. కూతుర్ని ఇచ్చిన ఇంటి నుంచి తిరిగి ఏమీ తీసుకోకూడదన్నది ఆ పట్టింపు. మనవడో మనవరాలో పుట్టాక సడలించేవాళ్ళున్నారు, తిన్నా దానికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళు మీ చేతిలో పెట్టిన కవరు బహుశా ఆ లెక్కలోదే, మీ భోజనానికి బిల్లు కాదు. ఖాయంగా తెలుసుకోవాలంటే కోడల్నే అడగండి. 'మీ అమ్మ ఎందుకు తినలేదు' అని కాదు. 'మీ వైపు ఆనవాయితీ ఏంటమ్మా, ఈసారి వచ్చినప్పుడు ఏం పెడితే తీసుకుంటారు' అనండి. మొదటి ప్రశ్నలో ఫిర్యాదు ఉంది, రెండోదానికి ఆమె సంతోషంగా చెబుతుంది. కవరు వెనక్కి పంపకండి, అది నిజంగా అవమానం అవుతుంది. ఈసారి వచ్చినప్పుడు తాంబూలంలో చీర, రవిక గుడ్డ, పళ్ళు, శ్రీవారి లడ్డు పెట్టి ఇవ్వండి. ప్రసాదాన్ని కాదనేవాళ్ళు అరుదు. అందరూ కలిసి భోంచేయాలన్న కోరిక మీకుంటే, వాళ్ళతో పాటు మీరూ కొండెక్కి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో బంతిన కూర్చోండి. అది కూతురిల్లూ కాదు, వియ్యంకులిల్లూ కాదు. పెట్టేది స్వామి.

ఇక మీ హిందీ. చేదుగా ఉన్నా చెప్పాలి. 'తుమ్ లోగ్ బైఠో, ఖానా ఖావో' అని మీరు మర్యాదగానే పిలిచారు. నువ్వు, మీరు అనే రెండు మెట్లను తూ, తుమ్ మీద పెట్టి చూసుకుంటే 'తుమ్' అంటే 'మీరు' అనే అనిపిస్తుంది. కానీ వాళ్ళకు పైమెట్టు 'ఆప్'. 'తుమ్' స్నేహితులకూ, చిన్నవాళ్ళకూ, పనివాళ్ళకూ వాడేది. లక్నోవాళ్ళు ఈ విషయంలో మరీ పట్టింపు మనుషులు, పిల్లలతో కూడా 'ఆప్' అనే ఇళ్ళున్నాయక్కడ. మొదటిసారి మీ గడప తొక్కిన వియ్యపురాలికి మీ పిలుపు ఎట్లా వినిపించి ఉంటుందంటే, ఇక్కడ మిమ్మల్ని ఎవరైనా 'ఏయ్, కూర్చో, తిను' అన్నట్టు. మీ కోడలి 'కూర్చో', మీ 'బైఠో' ఒకే రకం తప్పు. ఆమెను క్షమించడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇదంతా చదివి, ఇంతకీ ఇది భాషేనా, లెక్కలేనితనమా అన్న అనుమానం మిగిలితే ఈ మూడూ గమనించండి. అదే 'కూర్చో', 'అది' ఆమె కూరగాయలు అమ్మే ఆవిడతోనూ, మీవాడి స్నేహితులతోనూ అంటోందా? అంటూంటే భాషే. మీ ఒక్కరితోనే అంటూంటే ఆలోచించాలి. హిందీలో మీ గురించి వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'మమ్మీజీ' అంటోందా, ఉత్త 'వో' అంటోందా? తనకు బాగా వచ్చిన భాషలో మనిషి గౌరవం దాగదు. మూడోది, సరైన మాట తెలిశాక రెండు మూడు నెలలకైనా మారుతోందా? మారకపోతే అప్పుడు అది మాటల గొడవ కాదు. మీరూ, ఆమే, మీ అబ్బాయీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన వేరే విషయం.

మీవాడిని ఊరికే వదలకండి. 'ఎక్కువ ఆలోచిస్తావు' అని లేచిపోవడం అతనికి సుఖం, మధ్యలో నలిగేది మీరిద్దరు ఆడవాళ్ళు. అతను చేయాల్సినవి రెండే. భార్య ఎదుట మీతో, నాన్నతో మాట్లాడేటప్పుడు కొన్నాళ్ళు కావాలనే 'కూర్చోండి', 'వచ్చారా' అనాలి, ఆమె వినేది అతన్నే కాబట్టి. మీ మాట ఆమెకు చేరవేసేటప్పుడు మాటతో పాటు దాని వెనక భావం కూడా చెప్పాలి. అంతకు మించి మీ ఇద్దరి మధ్యకు రాకపోవడమే మేలు.

లక్నోకు ఫోన్ ఈ ఆదివారమే చేయండి. క్షమాపణలు వద్దు, పిల్లవాడి తల్లి క్షమాపణ అడిగితే వాళ్ళు మరింత ఇబ్బంది పడతారు. మాట తీరు మారితే చాలు, వాళ్ళకు అర్థమవుతుంది. 'సమధన్‌జీ, నమస్తే. ఆప్ కైసీ హైఁ? ఆప్ లోగ్ ఆయే, హమేఁ బహుత్ అచ్ఛా లగా. ఫిర్ ఆయియేగా.' వియ్యపురాలుగారూ నమస్తే, ఎట్లా ఉన్నారు, మీరు రావడం మాకు చాలా సంతోషం, మళ్ళీ రండి అని అర్థం. చివర 'ఆయియే' బదులు 'ఆయియేగా' అంటే ఇంకాస్త మెత్తగా ఉంటుంది. ఈ నాలుగు వాక్యాలూ కోడలితో రెండుసార్లు పలికించుకుని మీరే చెప్పండి. ఫోన్ ఆమె చేతికిచ్చేది ఆ తరవాతే.