టెక్ సందేహాలు: పదో బటన్ దగ్గరే ఆగిపోయిన రంగులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. సొంతంగా ఆర్కేడ్ కంట్రోల్ ప్యానెల్ చేసుకుని, బటన్ల కింద ఎల్ఈడీలు పెట్టి, వాటిని సాఫ్ట్‌వేర్‌తో ఆడించాలనుకునేవాళ్ల తిప్పలు ఇవి. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇద్దరు ఆడేలా ప్యానెల్ చేశాను. ఒక్కొక్కరికి ఆరు బటన్లు, పైన స్టార్ట్, కాయిన్ బటన్లు నాలుగు. పదహారూ ఆర్‌జీబీవే. ఎల్ఈడీలను నడిపే బోర్డు 32 అవుట్‌పుట్లది. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పది బటన్లకు రంగులు వస్తున్నాయి, పదకొండోదానికి రెండు రంగులే వస్తున్నాయి. మిగతావి చీకటి. వేరే సాఫ్ట్‌వేర్ వాడాలా?

జవాబు: సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి, పాపం దానిది తప్పేమీ లేదు. ఆర్‌జీబీ బటన్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు అవుట్‌పుట్లు కావాలి. 32ని మూడుతో భాగిస్తే పది బటన్లు, రెండు మిగులు. ఆ మిగులే మీ పదకొండో బటన్‌లోని రెండు రంగులు. మీకు కావలసినవి 48. ఎల్ఈడీ-విజ్ బోర్డుకు 32 అవుట్‌పుట్లు, ప్యాక్‌ఎల్ఈడీ64కు పేరులోనే ఉన్నట్టు 64. రెండోది తీసుకుంటే 48 పోను ఇంకో 16 మిగులుతాయి. జాయ్‌స్టిక్ చుట్టూ వెలుగు పెట్టాలన్నా, ట్రాక్‌బాల్ కింద పెట్టాలన్నా అవి పనికొస్తాయి.

స్టార్ట్, కాయిన్ బటన్లను ఒకే రంగువి చేసుకుంటే 32తో సర్దుకోవచ్చా అని అడుగుతారేమో. పన్నెండు బటన్లకే 36 అయిపోతాయి కాబట్టి కుదరదు. కొనే ముందు కాగితం మీద ఈ గుణకారం చేసుకోవడం మంచిది. నేనూ ఒకసారి చేసుకోకుండానే మొదలుపెట్టి, వైర్లన్నీ బిగించాక మళ్లీ ఊడదీశాను.

ప్రశ్న: బటన్ల లైట్లను నడిపే ఎల్ఈడీ బ్లింకీ సాఫ్ట్‌వేర్ యానిమేషన్ ఎడిటర్‌లో సొంతంగా ఒకటి తయారుచేశాను. ఎంత మార్చినా పెళ్లి పందిట్లో సీరియల్ బల్బుల్లా టకటకా కొట్టుకుంటోంది. స్మూత్‌గా రావాలంటే ఏం చేయాలి?

జవాబు: మీరు ప్రతి ఎల్ఈడీకి రెండే విలువలు ఇచ్చి ఉంటారు, పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్. మొదట అందరం అలాగే చేస్తాం.

యానిమేషన్ అంటే గడుల పట్టిక. ఒక వరుసకు ఒక ఎల్ఈడీ రంగు, ఒక నిలువుకు ఒక ఫ్రేమ్. ఎడిటర్లో ఆ గడులను నింపితే, సాఫ్ట్‌వేర్ ఒక్కో నిలువునూ మీరు చెప్పినంతసేపు చూపించి తర్వాతి దానికి వెళ్తుంది. అందం ఉండేది ఆ గడుల్లో పెట్టే మధ్య విలువల్లోనే. ఎల్ఈడీ-విజ్ లాంటి బోర్డులో వెలుగుకు 0 నుంచి 48 వరకు మెట్లుంటాయి. ఎల్ఈడీని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ, ఆన్‌లో ఉండే సమయాన్ని తగ్గించి పెంచడం వల్లే ఈ మెట్లు వస్తాయి. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 48కి సగం 24 కదా అని 24 పెడితే, చూసేవాళ్లకు అది సగం వెలుగులా అనిపించదు, బాగానే వెలుగుతున్నట్టే ఉంటుంది. చీకటి వైపున్న చిన్న తేడాలను మన కన్ను ఇట్టే పట్టేస్తుంది, వెలుగు వైపు అంతగా పట్టించుకోదు. కంటికి సగంలా కనిపించాలంటే దాదాపు 10 పెట్టాలి. అందుకే ఒక బటన్‌ను మెల్లగా ఆర్పాలంటే 48, 41, 34, 27 అంటూ సమానంగా దిగకండి. 48, 34, 23, 14, 7, 3, 1, 0 ఇలా దింపి చూడండి. మొదట పెద్ద మెట్లు, చివర చిన్న మెట్లు. సమానంగా దింపితే చాలాసేపు అలాగే వెలుగుతున్నట్టు ఉండి, చివర్లో ఠక్కున ఆరిపోయినట్టు ఉంటుంది. మీరన్న టకటకకు సగం కారణం ఇదే.

ఇప్పుడు బటన్ల మీద వెలుగు పరుగెత్తే యానిమేషన్ తీసుకుందాం. పన్నెండు బటన్లు, ఒక్కో ఫ్రేమ్ 80 మిల్లీసెకన్లు. ఒక చుట్టు తిరగడానికి 960 మిల్లీసెకన్లు, అంటే సుమారు ఒక సెకను. ముందున్న బటన్‌కు 48, దాని వెనకదానికి 14, ఆ వెనకదానికి 3, మిగతావన్నీ 0. ఆ 14, 3 లేకపోతే బటన్లు ఒకటొకటిగా వెలిగి ఆరినట్టు ఉంటుంది. అవి పెడితే తోకచుక్క వెళ్తున్నట్టు ఉంటుంది. చుట్టు అన్నాను కాబట్టి పై వరుస ఎడమ నుంచి కుడికి, కింది వరుస కుడి నుంచి ఎడమకి రావాలి. ఎడిటర్‌లో పోర్టు (బోర్డు మీది ఒక్కో అవుట్‌పుట్) నంబర్ల వరుసలో నింపుకుంటూ పోతే, వైర్లు ఏ పోర్టుకు పడితే ఆ పోర్టుకు బిగించినవాళ్లకు వెలుగు కప్పలా గెంతుతుంది. ముందు ప్యానెల్ బొమ్మ గీసుకుని, ప్రతి బటన్ మీద దాని పోర్టు నంబరు రాసుకోండి.

ఇంకొక్క మాట. ప్యానెల్ మొత్తాన్ని ఒకేసారి, సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ మెరిపించకండి, ముఖ్యంగా గాఢమైన ఎరుపులో. మూర్ఛ సమస్య ఉన్న కొందరికి అలాంటి మెరుపులు ప్రమాదం. ఆడటానికి వచ్చేవాళ్లలో ఎవరికి ఏముందో మనకు తెలియదు.

ప్రశ్న: గేమ్ మొదలుపెట్టగానే ఆ గేమ్‌లో పనిచేసే బటన్లే వెలగాలని పెట్టుకున్నాను. కానీ వెలిగేవి వేరే బటన్లు. ఒక్కోసారి గేమ్ నడుస్తున్నా పాత యానిమేషన్ ఆగడం లేదు.

జవాబు: యానిమేషన్ల కంటే నాకు ఈ సౌకర్యమే ఎక్కువ ఇష్టం. ప్యాక్-మ్యాన్ పెడితే జాయ్‌స్టిక్ తప్ప ఆటకు వేరే బటన్ అక్కర్లేదు. డిఫెండర్ పెడితే కాల్చడానికి, ముందుకు దూసుకెళ్లడానికి, వెనక్కి తిరగడానికి, స్మార్ట్ బాంబుకు, హైపర్‌స్పేస్‌కు ఐదు బటన్లు. స్ట్రీట్ ఫైటర్ 2కి ఆరు. ఏది నొక్కాలో కొత్తవాళ్లకు ప్యానెలే చెప్పేస్తుంది.

తప్పు బటన్లు వెలగడానికి కారణం మధ్యలో గొలుసు తెగడం. ఆ గొలుసుకు మూడు లింకులు. గేమ్‌లో ఒకటో బటన్, దానికి కీబోర్డ్ కీ, ఆ కీ పంపే బటన్ కింద ఉన్న ఎల్ఈడీ పోర్టు. పాత ఆర్కేడ్ గేమ్‌లను కంప్యూటర్‌లో నడిపే మేమ్ ఎమ్యులేటర్‌లో మొదటి ఆటగాడి ఒకటో బటన్‌కు డిఫాల్ట్‌గా ఎడమ కంట్రోల్ కీ, రెండోదానికి ఎడమ ఆల్ట్, మూడోదానికి స్పేస్ ఉంటాయి. మీరు వైర్లు బిగించేటప్పుడు మొదటి రెండూ తారుమారై ఉంటే, మేమ్‌లో ట్యాబ్ మెనూలోకి వెళ్లి కీలు మార్చుకుని ఉంటారు. ఆట బాగానే సాగుతుంది కాబట్టి ఆ సంగతి మర్చిపోతారు. కానీ లైట్ల సాఫ్ట్‌వేర్‌లో ఆ మార్పు చేయలేదు. దానికి తెలిసింది పాత కథే. అందులో ఏ పోర్టు ఏ బటన్‌దో చెప్పే ఇన్‌పుట్ మ్యాప్ తెరిచి, ఒక్కో పోర్టును విడిగా వెలిగించి, వెలిగిన బటన్‌నే నొక్కి, ఏ కీ వస్తుందో చూసి రాయండి. విసుగు పనే. ఒక్కసారి చేస్తే చాలు.

యానిమేషన్ ఆగకపోవడం వేరే సంగతి. గేమ్ మొదలైందని, ముగిసిందని ఫ్రంట్ ఎండ్ (గేమ్‌ల జాబితా చూపించి, ఎంచుకున్నదాన్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) చెబితేనే లైట్ల సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. బిగ్‌బాక్స్, హైపర్‌స్పిన్ లాంటి వాటిలో ఆ అనుసంధానం సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. గేమ్‌ను ఫ్రంట్ ఎండ్ నుంచి కాకుండా నేరుగా ఫోల్డర్ తెరిచి క్లిక్ చేసినా ఈ కబురు అందదు. మీ "ఒక్కోసారి"కి కారణం అదేనేమో చూసుకోండి.

పనిలో పనిగా, విండోస్‌లో మేమ్ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో అవుట్‌పుట్ అన్న చోట విండోస్ అని ఉందో లేదో చూడండి. అసలు యంత్రంలో గేమ్ ప్రోగ్రామే నడిపిన దీపాల సంకేతాలు అప్పుడు మీ ప్యానెల్‌కు వస్తాయి. 1979 నాటి ఆస్టరాయిడ్స్‌లో కాయిన్ వేశాక స్టార్ట్ బటన్లు మినుకుమినుకుమంటాయి. మీ ప్యానెల్ మీదా అలాగే మినుకుమంటే ఆ ముచ్చట వేరు, మనం ఎంత కష్టపడి గీసిన యానిమేషన్ అయినా దాని ముందు దిగదుడుపే.

ప్రశ్న: ప్యానెల్ అంచుల చుట్టూ డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒక్కో ఎల్ఈడీకి విడిగా రంగు ఇవ్వగలిగే పట్టీ) అంటించాను, 60 ఎల్ఈడీలు. ఇంద్రధనుస్సు యానిమేషన్ బాగుంది. మొత్తం తెల్లగా పెడితే మాత్రం చివర ఎర్రబారుతోంది, బోర్డు రీసెట్ అవుతోంది. కరెంటు కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి.

జవాబు: అదే మరి చిక్కు. ఇలాంటి ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 60 ఎల్ఈడీలకు 3.6 ఆంపియర్లు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. ఇంద్రధనుస్సులో అన్ని రంగులూ ఒకేసారి పూర్తిగా వెలగవు కాబట్టి ఎలాగో గట్టెక్కింది. స్ట్రిప్ పొడవునా వోల్టేజీ పడిపోతుంది. నీలం, ఆకుపచ్చలకు సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. అందుకే మొదట అవి రెండూ నీరసపడి, ఎరుపు ఒక్కటే మిగులుతుంది.

స్ట్రిప్‌కు 5 వోల్టుల అడాప్టర్ విడిగా పెట్టండి, 5 ఆంపియర్లది అయితే నిశ్చింత. స్ట్రిప్ రెండు కొసలకూ కరెంటు ఇవ్వండి. అడాప్టర్ గ్రౌండ్, కంట్రోలర్ గ్రౌండ్ తప్పకుండా కలపాలి, లేకపోతే డేటా పిచ్చిపిచ్చిగా వెళ్తుంది. స్ట్రిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎల్ఈడీ అయితే అందులో కరెంటుకు పరిమితి పెట్టుకునే ఆప్షన్ ఉంది. అది పెట్టేస్తే మీరు తెలుపు అడిగినా తానే వెలుగు తగ్గించుకుంటుంది. అయినా ఆడేటప్పుడు కళ్ల కింద 60 తెల్ల దీపాలు పూర్తిగా వెలగడం ఎవరికి కావాలి చెప్పండి?

ప్రశ్న: నాది లినక్స్. ఎల్ఈడీ బ్లింకీ విండోస్‌దే కదా. దారి ఉందా?

జవాబు: ఉంది. బోర్డు ప్యాక్‌ఎల్ఈడీ64 చేసే అల్టిమార్క్ కంపెనీది అయితే అల్టిమార్క్-లినక్స్ అనే ఓపెన్ సోర్స్ టూల్ దొరుకుతుంది, సెట్టింగ్స్‌ను జేసన్ అనే టెక్స్ట్ ఫైల్‌లో రాసి బోర్డుకు పంపవచ్చు. గడులు నింపే ఎడిటర్ సుఖం అందులో ఉండదు. ఫ్రేములను పైథాన్‌తో తయారుచేసుకోవాలి. పైన చెప్పిన 48, 34, 23 వరుసను మీ బోర్డు వెలుగు మెట్లకు తగ్గట్టు మార్చి, ఒక లిస్టులో పెట్టుకుని మొదలుపెట్టండి.