రైలు రైళ్లయిన దారి

మాటా పాటా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా మనవడు "ఆర్కే బీచ్‌లో సెల్ఫీ దిగాం తాతయ్యా" అంటాడు. సెల్‌ఫోనుకు 'చరవాణి' అనే చక్కని మాట ఉన్నా మా ఇంట్లో ఒక్కరూ వాడరు. తెలుగు ఇలా కరిగిపోవలసిందేనా?
– విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ మనవడి మాటను మరోసారి వినండి. అందులో 'సెల్ఫీ' పరాయిది, 'దిగాం' మనది. స్టూడియోలో రంగుల తెర ముందు బిగుసుకుని నిలబడి మన పెద్దలు ఫొటో దిగారు. ఆ దిగడాన్నే ఈ పిల్లవాడు, ఎవరూ నేర్పకుండా, కొత్త మాటకు తగిలించాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు 2013లో ఆ ఏటి మాటగా ఎంచిన 'సెల్ఫీ' మన బీచ్‌కి వచ్చేసరికి మన వ్యాకరణం చెప్పినట్లు వింటోంది. నాకు ఇందులో తెలుగు కరగడం కనిపించడం లేదు.

కాలు కాళ్లయినట్లు, వేలు వేళ్లయినట్లు రైలు కూడా రైళ్లయింది చూడండి. ఏ పండిత సభా ఈ బహువచనాన్ని తీర్మానించలేదు. ప్లాట్‌ఫారం మీద మూటలు పెట్టుకుని ఎదురుచూసిన జనం నోట్లో అది అలా తిరిగింది. ఇప్పుడది పరాయి మాటని ఎవరికి అనిపిస్తుంది?

చరవాణి సంగతికి వస్తాను. ఆ మాటలో లోపమేమీ లేదు. 'ఆకాశవాణి' కూడా ఆ అచ్చులో పోసిందే కదా, మరి అది ఎందుకు నిలిచింది? "ఆకాశవాణి, విశాఖపట్నం కేంద్రం" అంటూ పొద్దున్నే ఒక గొంతు ఇంట్లోకి వచ్చేది. బడికి జడ వేయించుకుంటున్న పిల్ల కూడా రోజూ వినేది. వినీవినీ ఆ మాట నోటికి పట్టింది. చరవాణిని మనం పత్రికల్లో చదివామే తప్ప ఏ గొంతులోనూ వినలేదు. ఫోను ఎక్కడ పెట్టామో గుర్తురాక దిండ్లన్నీ దులిపేటప్పుడు 'నా ఫోనేదీ' అనే అరుస్తాం.

మన ఊరి మాట ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం నాటి తుపానుకు 'హుద్‌హుద్' అని పేరు సూచించింది ఒమన్ దేశం. అరబ్బీలో అది తలమీద ఈకల కుచ్చు ఉండే ఒక పక్షి పేరు. 1977 నాటి విలయాన్ని మనవాళ్లు చోటు పేరు పెట్టి దివిసీమ ఉప్పెన అన్నారు. దీన్ని మాత్రం ఆ అరబ్బీ పేరుతోనే ఉంచుకున్నారు. అంతేకాదు, మా వీధిలో అది కాలానికి కొలత అయింది. "హుద్‌హుద్‌కు ముందు ఇక్కడ నేరేడు చెట్టుండేది", "మా చిన్నది హుద్‌హుద్ నాటికి చంకలో పిల్ల". ఆ మాట వింటే విశాఖలో ఎవరికి పక్షి గుర్తొస్తుంది? కిటికీ రెక్కలు కొట్టుకున్న చప్పుడు, కరెంటు లేని రాత్రులు, బిందెలతో నిలబడ్డ వరసలు గుర్తొస్తాయి. ఇంత అనుభవం నిండిన మాటను పరాయిదని నేను అనలేను.

ప్రశ్న: 'అస్మదీయులు, తస్మదీయులు' అని పత్రికల్లో చూస్తుంటాను. రెండో మాట నిఘంటువులో దొరకలేదు.
– డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: అస్మదీయులు సంస్కృతమే, 'మనవాళ్లు' అని అర్థం. దానికి జోడీగా 'తస్మదీయులు' 1957 నాటి 'మాయాబజార్' సినిమాలో పుట్టింది. రాసినవారు పింగళి నాగేంద్రరావు. వ్యాకరణం ఒప్పుకోదు కానీ మనవాళ్లు కానివారిని ఒక్క మాటలో చెప్పడానికి అది బాగా కుదిరింది. నిస్సంకోచంగా వాడండి.

ప్రశ్న: నలభై ఏళ్ల నాటి పాటలు మా అమ్మాయి ఫోనులో అర నిమిషం ముక్కలుగా మోగుతున్నాయి. మొత్తం పాట దానికి తెలియదు. ఇది పాటకు అవమానం కాదా?
– గృహిణి, గాజువాక

జవాబు: కాదమ్మా. జగదాంబ కూడలికి దగ్గర్లో ఇరవై రెండేళ్లు క్యాసెట్ల దుకాణం నడిపినవాడిగా చెబుతున్నాను. మొత్తం పాట వచ్చినవాళ్లు నా దగ్గరికి చాలా తక్కువగా వచ్చేవారు. పల్లవిలో సగం, లేదా చరణం చివర ఒక విరుపు, అంతే తెచ్చేవారు. మిగతాది నేను వెతికిపెట్టేవాణ్ణి. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవారిని చూడండి. అందరికీ వచ్చిన సినిమా వరసలో స్వామి పేరు పెట్టి పాడుకునే గుంపులుంటాయి. పాతవరస అయితేనే అలసిన గొంతులన్నీ కలుస్తాయి.

జాలారిపేట నుంచి ఒకామె వచ్చింది ఒకసారి. చేపలమ్మి నేరుగా వచ్చినట్లుంది, ముంజేతి మీద పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి. సినిమా పేరు తెలియదు, పాడినవారు తెలియదు. గంప కింద పెట్టి, కౌంటరు మీద వేలితో తాళం వేస్తూ రెండు వరసలు పాడింది. వరసను బట్టి పోల్చుకోవడానికి నాకు పావుగంట పట్టింది, ఎందుకంటే పాటలో 'వెన్నెల' ఉన్నచోట ఆమె 'వల' అని పాడింది. క్యాసెట్ దొరికాక వినిపించాను. చివరిదాకా కదలకుండా విని, "పాట ఇదే బాబూ. ఆ అమ్మాయే మాట తప్పు పాడుతోంది" అంది.

నేను సరిదిద్దలేదు. తెల్లవారుజామున వల లాగే ఇంట్లో ఆ పాటకు ఆ మాటే సరైనది. అరవై నిమిషాల క్యాసెట్లో ఒక వైపంతా ఆ ఒక్క పాటే నింపమంది. ముప్పై నిమిషాలకు ఏడుసార్లు పట్టింది. రెండో వైపు ఏం పెట్టమంటావమ్మా అంటే, కాసేపు ఆలోచించి, అటు కూడా అదే పెట్టమంది.