యూనిక్ కొట్టినా అదే ఊరు మళ్ళీ మళ్ళీ వస్తోంది

ప్రశ్న: సార్, మాది ఆకివీడు దగ్గరండి, రొయ్యలు కొనే చోట లెక్కలు చూస్తాను. రోజూ వచ్చిన సరుకంతా సీఎస్వీ ఫైల్‌లో (కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య కామా ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు) ఎక్కిస్తాం, లైనుకి ఊరు, కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలో), కేజీలు. సీజనంతా కలిపితే ఎక్సెల్ తెరుచుకోడానికే చాలాసేపు పడుతోంది, అందుకే లినక్స్ మొదలెట్టా. ఏ ఊరి నుంచి ఎన్ని లాట్లు వచ్చాయో చూద్దామని కట్ (cut) కమాండ్‌తో మొదటి కాలమ్ తీసి, ఒకేలాంటి లైన్లు కలిపి లెక్కపెట్టే యూనిక్ మైనస్ సి (uniq -c) పెడితే మొగల్తూరు ఒక్కటే పదిసార్లు వస్తోందండి. ఎక్కడ తప్పు?

జవాబు: కమాండ్ కరెక్టేనండి, మధ్యలో సార్ట్ (sort, లైన్లని వరసలో పెట్టేది) మర్చిపోయారంతే. యూనిక్ ఫైల్ మొత్తం గుర్తుపెట్టుకోదు, ఈ లైనూ దాని పై లైనూ ఒకటేనా అని మాత్రమే చూస్తుంది, మధ్యలో ఒక్క కలిదిండి అడ్డొచ్చిందా, ఆ తర్వాత వచ్చే మొగల్తూరుకి మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలు. సార్ట్ పెడితే ఒకే ఊరి లైన్లన్నీ పక్కపక్కన చేరతాయి. అందుకని కట్, పైపు (| గుర్తు, ముందు కమాండ్ ఇచ్చింది తర్వాతదానికి అందిస్తుంది), సార్ట్, పైపు, యూనిక్ మైనస్ సి, పైపు, సార్ట్ మైనస్ ఎన్ఆర్ (sort -nr). ఎక్కువ లాట్లు వచ్చిన ఊరు పైకి వచ్చేస్తుంది. అప్పటికీ ఒకే ఊరు రెండుసార్లు కనిపిస్తే పేరు చివర ఎవరో స్పేస్ కొట్టుంటారు, కట్ తర్వాత పైపు పెట్టి, క్యాట్‌కి మైనస్ పెద్ద ఏ ఇచ్చి (cat -A) చూడండి, లైను చివర డాలర్ గుర్తు పడుతుంది కాబట్టి దాని ముందున్న ఖాళీ దొరికిపోద్ది.

అయినా మీకు కావాల్సింది కేజీలు కదండీ, లాటు 50 కేజీలైనా ఉంటుంది, టన్నైనా ఉంటుంది. దానికి ఆక్ (awk) అనే కమాండ్ వాడండి, కాలమ్‌లు విడదీసి కూడి పెడుతుంది, 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిఘాన్ చేసింది, ఇంత పాతదైనా నాకు దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు. మైనస్ పెద్ద ఎఫ్‌కి కామా ఇచ్చి, ఫ్లవర్ బ్రాకెట్లలో కె[$1]+=$3 అని రాయండి (కె ఇంగ్లీషు అక్షరమే, $1 అంటే మొదటి కాలమ్ ఊరు, $3 అంటే మూడో కాలమ్ కేజీలు), ఆఖర్న ఎండ్ (END) బ్లాక్‌లో, అంటే ఫైలంతా చదివాక నడిచే భాగంలో, ఫర్ లూప్‌తో ఊరూ కేజీలూ ప్రింట్ చేయించండి. దీనికి ముందు సార్ట్ అక్కర్లేదు, ఊరికో క్రేటు పెట్టుకుని ఎప్పుడొచ్చిన సరుకు అప్పుడు అందులో పోసేసినట్టే.

ఒక్కటి మాత్రం జాగ్రత్తండి. ఎక్సెల్‌లో కేజీలు 1,250 అని కామాతో ఉంటే సీఎస్వీలోకి కోట్స్‌తో "1,250" అని వెళ్తుంది, ఆక్ ఆ కామా దగ్గరే విరగ్గొట్టి, కోట్‌తో మొదలైన ముక్కని సున్నా కింద లెక్కేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. తేడా వస్తే అది రైతు డబ్బు. సేవ్ చేసేముందు ఆ కాలమ్‌లో కామాలు తీసేయండి, ఒక ఊరి లెక్క చేత్తో కూడా కూడి చూసుకోండి.