ఇటలీలో ఫ్రీలాన్సుగా ఇంగ్లిష్ రాతపని, అనువాదం చేసుకుని బతకవచ్చా?

ప్రశ్న వేసినవారు బి.ఫార్మసీ చదివి, జీడిమెట్లలోని ఒక మందుల కంపెనీలో నాణ్యతా విభాగంలో పనిచేసి, ఇప్పుడు భర్త ఉద్యోగరీత్యా ఇటలీకి రాబోతున్నానని రాశారు. తన ఇంగ్లిష్ బాగుంటుందని, ఇటాలియన్ నేర్చుకుంటున్నానని చెప్పి, ఇంటి నుంచే ఇంగ్లిష్ రచన, అనువాదం చేసుకుంటే అక్కడ గడుస్తుందా, ఇంగ్లిష్ మాతృభాష కాకపోవడం అడ్డవుతుందా అని అడిగారు. నేను వెరోనాలో ఉంటూ కొన్నేళ్లుగా ఇదే పనితో సంపాదించుకుంటున్నాను కనుక గడుస్తుందని ధైర్యంగా చెప్పగలను. అయితే ఇంగ్లిష్ ఒక్కటే చేతపట్టుకుని వచ్చినవారికి గడవదని కూడా అంతే ధైర్యంగా చెబుతాను.

ముందు అనుమతి సంగతి. స్వయం ఉపాధి కోసం బయటి దేశాలవారికి ఇటలీ ఇచ్చే వీసాలకు కోటా ఉంటుంది, అందులో దక్కేవి కొద్ది వందలే. మీకు ఆ బాధ లేదు. కుటుంబ కారణాల మీద ఇచ్చే నివాస అనుమతితో ఉద్యోగమూ చేయవచ్చు, సొంతంగా పనీ పెట్టుకోవచ్చు. నేనూ ఆ దారినే వచ్చాను.

ఇక మాతృభాష గొడవ. ఇక్కడి అనువాద ఏజెన్సీల ప్రకటనల్లో దాదాపు ప్రతిదానిలోనూ ‘మద్రెలింగ్వా’ అనే షరతు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లోకి అనువదించేవారు ఇంగ్లిష్ మాతృభాషగా పుట్టినవారై ఉండాలని దాని ఉద్దేశం. ఒంగోలులో పుట్టి, ఇంగ్లిష్ ఎం.ఏ. చదివి, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన నాకు ఒక ఏజెన్సీవారు పరీక్ష పెట్టారు, రాత బాగుందన్నారు, ఆ తర్వాత పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి మాట్లాడటం మానేశారు. నా రాతలో తప్పు చూపించి ఉంటే దిద్దుకునేదాన్ని. పుట్టిన ఊరిని ఎలా దిద్దుకుంటాం? ఆ తర్వాత తెలిసిందేమిటంటే, ఇంత పట్టింపు ఉన్న ఆ ఏజెన్సీలే మొదట యంత్రంతో అనువాదం చేయించి, దాన్ని సరిదిద్దే పనిని సగానికి సగం తగ్గించిన ధరకు పంచుతున్నాయి. మాతృభాష షరతు నాణ్యత కోసం పెట్టినది కాదని, చేరవచ్చినవారిని వడగట్టడానికి వారికి దొరికిన సులువైన జల్లెడ అని నా గట్టి అభిప్రాయం.

నాకు దారి దొరికింది ఏజెన్సీల దగ్గర కాదు, ఒక రాళ్ల ఫ్యాక్టరీలో. వెరోనా పక్కనున్న వల్పొలిచెల్లా ప్రాంతాన్ని మనవాళ్లు వైన్ పేరుతోనే ఎరుగుదురు కానీ, అక్కడ మార్బుల్, గ్రానైట్ కోసే యూనిట్లు కూడా బోలెడు. ఏటా సెప్టెంబరులో వెరోనాలో మార్మోమాక్ అనే రాళ్ల ప్రదర్శన జరుగుతుంది, ప్రపంచం నలుమూలల నుంచి కొనేవారు, అమ్మేవారు దిగుతారు. దానికి కొన్ని వారాల ముందు, మా వారి సహోద్యోగి ద్వారా పరిచయమైన ఒక యజమాని తన కొత్త కేటలాగు ఇంగ్లిష్ ప్రతిని నా ముందు పెట్టి, ‘అచ్చుకు వెళ్లబోతోంది, సిన్యోరా, ఒకసారి చూసిపెట్టండి’ అన్నారు. ఆయన దాన్ని ఒక ఏజెన్సీకి డబ్బులిచ్చి చేయించుకున్నారు. వాక్యాలు నున్నగా, ఒక్క వ్యాకరణ దోషం లేకుండా ఉన్నాయి. కానీ చివరి పుటలో రాళ్ల బలాన్ని చూపించే పట్టిక దగ్గర నా కన్ను ఆగింది. ఒక నల్ల గ్రానైట్ తట్టుకునే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2.100 కిలోలు అని ఉంది. ఇటాలియన్లు వేలను విడదీయడానికి చుక్క పెడతారు, దశాంశానికి కామా పెడతారు. ఇంగ్లిష్‌లో అది సరిగ్గా తిరగబడుతుంది. రెండు వేల నూరు కిలోలు మోయగల రాయి ఆ ఇంగ్లిష్ పుటలో రెండు కిలోల చిల్లర మోసే రాయి అయిపోయింది. మన ఊరి ఇటుకే అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. దుబాయి నుంచి వచ్చిన ఇంజనీరు ఎవరైనా ఆ అంకె చూస్తే అది అచ్చుతప్పని గ్రహించవచ్చు, గ్రహించినా మిగిలిన అంకెలను నమ్మడు. పట్టికలోని అంకెలన్నీ అలాగే ఉన్నాయి. నీటిని పీల్చే శాతాల్లో ఇటాలియన్ కామాలూ అట్లాగే మిగిలిపోయాయి.

ఆయన కాసేపు ఆ పుటను చూసి, ఏమీ అనకుండా నన్ను వెనుక యార్డులోకి తీసుకెళ్లారు. క్రేను కింద వరుసగా బ్లాకులు, ఒక్కొక్కటి ఇరవై టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. పక్క షెడ్డులో బ్లాకును పలకలుగా కోసే గ్యాంగ్‌సా యంత్రం నడుస్తోంది, బ్లేళ్ల మధ్య నుంచి బూడిదరంగు నీళ్లు కారి కాలువలో పడుతున్నాయి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఒక పలకను చూపించి, ఇది మీ దేశానిదే అన్నారు. మా దేశానిదే కాదు, మా జిల్లాది అన్నాను. బ్లాక్ గెలాక్సీ పేరుతో లోకమంతా తిరిగే ఆ రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల క్వారీలలో పుడుతుంది. మా నాన్నగారు అక్కడ ఒక క్వారీ ఆఫీసులో లెక్కలు రాసేవారు. బ్లాకు మొత్తం కొలతకు, అంచుల్లో పనికిరాని భాగం కోసం సెంటీమీటర్లు తగ్గించి బిల్లు వేసే నికర కొలతకు మధ్య జరిగే బేరాల కథలు రాత్రి అన్నాల దగ్గర వింటూ పెరిగాను. బ్లాకు ముఖం మీద రంగుతో వేసిన నంబరు, కొలతల వరుస చూసి నేను వాటిని చదివి వినిపిస్తుంటే, ఆ పెద్దమనిషి మొదటిసారి నా మాటను అనువాదకురాలి మాటలా కాక రాళ్ల వ్యాపారం తెలిసిన మనిషి మాటలా విన్నారు. ఆ సాయంత్రమే, నికర కొలత విషయంలో ఒక సరఫరాదారుతో నలుగుతున్న తగాదా తాలూకు ఉత్తరాల కట్ట నా చేతికిచ్చారు. కేటలాగు సరే, ఆ ఉత్తరాలే నాకు నెలనెలా పని తెచ్చిపెట్టాయి. ఆయన ద్వారా యంత్రాలు తయారుచేసేవారు, జిగురు రెజిన్లు అమ్మేవారు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నా పాస్‌పోర్టు గురించి వీరిలో ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఇటలీలో తయారయ్యే ఇంగ్లిష్ కాగితాలను చదివేది లండన్ దొరలు కారు. తుర్కియే, కొరియా, బ్రెజిల్, గల్ఫ్ దేశాల కొనుగోలుదారులు చదువుతారు. వారికి నుడికారాలతో అలంకరించిన ఇంగ్లిష్ అనవసరం, తికమక లేని వాక్యం కావాలి. ఇంగ్లిష్‌ను బడిలో కష్టపడి నేర్చుకున్న మనం అలాంటి వాక్యాన్ని దానితో పుట్టినవారి కన్నా బాగా రాస్తామని నేననుకుంటాను. దీనికి రుజువేమిటని మీరడిగితే నా దగ్గర నా క్లయింట్లు తప్ప మరో రుజువు లేదు.

డబ్బు లెక్కకు వద్దాం, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన మనవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. సొంతంగా పనిచేయాలంటే ‘పార్తీత ఇవా’ అనే పన్ను నంబరు తీసుకోవాలి. దానికి రుసుమేమీ లేదు, అనువాదం పనికి 74.30 అనే కోడు వేస్తారు. ఏడాది రాబడి 85,000 యూరోలు దాటనివారికి ‘ఫోర్ఫెత్తారియో’ అనే సులభ పద్ధతి ఉంది. అందులో ఏడాదికి 30,000 యూరోల బిల్లులు వేశారనుకోండి. ఖర్చుల రసీదులు అడగకుండానే 22 శాతాన్ని ఖర్చు కింద వదిలేసి, మిగిలిన 23,400 యూరోలను మీ ఆదాయంగా లెక్కగడతారు. 2025 రేటు ప్రకారం దానిలో 26.07 శాతం, అంటే సుమారు 6,100 యూరోలు, ఇన్‌ప్స్ అనే ప్రభుత్వ పింఛను సంస్థకు వెళుతుంది. ఆ చెల్లింపు తీసేయగా మిగిలిన 17,300 మీద, కొత్తగా పని మొదలుపెట్టిన అర్హులకు మొదటి ఐదేళ్లు 5 శాతం, ఆ తర్వాత 15 శాతం పన్ను. పన్ను తక్కువేనని సంబరపడతాం కానీ, అసలు బరువు పింఛను చందాది. అదీగాక మొదటి ఏడాది ఏమీ కట్టనక్కర లేకుండా హాయిగా గడుస్తుంది, రెండో ఏడాది జూన్ 30 నాటికి గడిచిన ఏడాది బాకీతో పాటు నడుస్తున్న ఏడాదికి ముందస్తు వాయిదా కూడా కట్టమంటారు, నవంబరు 30కి రెండో వాయిదా. అందుచేత వచ్చిన ప్రతి బిల్లులో మూడో వంతును వచ్చిన రోజే వేరే ఖాతాలో వేసి, అది మనది కాదనుకోవాలి. బిల్లు మీద పింఛను పేరుతో 4 శాతం అదనంగా వేసుకునే వెసులుబాటును చట్టమే ఇచ్చింది, మొహమాటపడకుండా వేయండి.

ఈ దేశపు కాగితాల పిచ్చికి ఒక్క ఉదాహరణ చాలు. ఇలాంటి బిల్లు 77 యూరోల 47 సెంట్లు దాటితే 2 యూరోల స్టాంపు పడుతుంది. ఈ వింత అంకె ఎక్కడిదంటే, పాత 1,50,000 లీరాలను యూరోల్లోకి మారిస్తే వచ్చింది. లీరా నోట్లు పోయి ఇన్నేళ్లయినా దాన్ని 80 చేద్దామన్న ఆలోచన ఏ ప్రభుత్వానికీ రాలేదు. 2024 జనవరి నుంచి మావంటి చిన్నవారి బిల్లులన్నీ కూడా ప్రభుత్వ కంప్యూటరు గుండానే పోవాలి. క్లయింటుకు ఏడక్షరాల కోడు ఒకటి ఉంటుంది, అది అడగకుండా పని ముగిస్తే బిల్లు పంపే రోజున వారి అకౌంట్స్ విభాగం చుట్టూ తిరగవలసి వస్తుంది. ఇవన్నీ చూసుకునే అకౌంటెంటును కొమ్మెర్చలిస్తా అంటారు. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయవద్దు.

ధర కట్టేటప్పుడు ‘కార్తెల్లా’ అనే మాట వినబడుతుంది. వ్యాపార అనువాదాల్లో అది ఎక్కువగా ఖాళీలతో కలిపి 1,500 అక్షరాలు, పుస్తకాల ప్రపంచంలో 1,800 లేదా 2,000 అక్షరాలు. ఏ కార్తెల్లానో రాతపూర్వకంగా తేల్చుకోకుండా ధర చెప్పవద్దు. డబ్బు చేతికి రావడానికి ఇక్కడి ఆనవాయితీ, బిల్లు వేసిన నెలాఖరు నుంచి 60 రోజులు. కానీ బిల్లు అందిన నాటి నుంచి 60 రోజులకు మించి గడువు పెట్టే ఒప్పంద నిబంధన చెల్లదని 2017 నాటి 81వ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు 2002 నాటి శాసనం నుంచే ఉంది, ఇప్పుడా వడ్డీ యూరోపియన్ కేంద్ర బ్యాంకు రేటుకు మరో 8 శాతం కలిపినంత. ఈ రెండింటినీ ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే చాలాసార్లు వారం తిరక్కుండా డబ్బు వస్తుంది. జూలై చివర వేసిన బిల్లు సంగతి మాత్రం సెప్టెంబరు దాకా మరచిపోండి. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండుగకు అటూ ఇటూ ఫ్యాక్టరీలే మూతపడతాయి, అకౌంట్స్ విభాగం సముద్రం ఒడ్డున ఉంటుంది.

మీకు ఇంకో చిన్న రాబడి మార్గం ఉంది కానీ దాన్ని నమ్ముకోవద్దు. ఇక్కడికి చదువుకు వచ్చే తెలుగు విద్యార్థులు డిగ్రీ పత్రాలను ఇంగ్లిష్ నుంచి ఇటాలియన్‌లోకి మార్పించుకుంటారు. అనువదించినవారు కోర్టు గుమస్తా ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాలి, నాలుగు పుటలకు ఒకటి చొప్పున 16 యూరోల స్టాంపు అంటించాలి. పూట పోతుంది. మనవాళ్లు ‘అక్కా, తెలుగువాళ్లమే కదా’ అని బేరమాడతారు, ఆ పిలుపు విన్నాక ధర నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

మీరు బయలుదేరే ముందే చేయగలిగిన పని ఒకటుంది. మందుల తయారీలో ఐరోపాలోకెల్లా పెద్ద దేశాలలో ఇటలీ ఒకటి, మిలాన్ చుట్టూ, రోముకు దక్షిణాన లాతీనా ప్రాంతంలో ఆ ఫ్యాక్టరీలు గుంపుగా ఉన్నాయి. వాటిలో బ్యాచి రికార్డులు, తనిఖీ జవాబులు, తయారీ విధానాల కాగితాలు ఇటాలియన్‌లో పుడతాయి, అమెరికా నుంచి తనిఖీకి వచ్చేవారికి ఇంగ్లిష్‌లో చూపించాలి. జీడిమెట్లలో మీరు స్వయంగా నింపిన కాగితాలే అవి. యంత్రాలు సరిగా శుభ్రమయ్యాయని నిరూపించే శుభ్రత ధ్రువీకరణ ప్రోటోకాల్‌లో ఏ గడి ఖాళీగా ఉంటే తనిఖీదారు ఆగిపోతాడో మీకు తెలుసు, సాహిత్యం చదివిన నాకు తెలియదు. కంపెనీ రహస్యాలేవీ లేకుండా, అలాంటి కాగితం ఒకటి రెండు పుటల నమూనాగా సొంతంగా తయారుచేసి, ఇటాలియన్ పక్కన ఇంగ్లిష్ పెట్టి దగ్గర ఉంచుకోండి. ఐరోపా భాషా ప్రమాణాల ఆరు మెట్లలో నాలుగోదైన బి2 స్థాయి దాకా ఇటాలియన్ వచ్చాక దాన్ని నేరుగా ఫ్యాక్టరీ నాణ్యతా విభాగం అధికారికి పంపండి. మానవ వనరుల విభాగానికి పంపితే వారు మళ్లీ మద్రెలింగ్వా గురించే అడుగుతారు.