అమ్మకు సీనియర్ సిటిజన్స్ అసోసియేషన్‌లో లైఫ్ మెంబర్‌షిప్ కట్టొచ్చా?

మీ అమ్మగారికి 64 ఏళ్లు, నాన్నగారు పోయాక ఒక్కరే ఉంటున్నారు, కాలనీ సంఘం వాళ్లు లైఫ్ మెంబర్‌షిప్‌కి 3 వేలు అడుగుతున్నారు, కట్టడం దండగా అని అడిగారు. నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరయ్యాను. రాజమండ్రిలో ఇలాంటి సంఘంలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

రాయితీల కోసమైతే కట్టకండి. ఆంధ్రాలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి ఎలాగూ ఉచితం. మిగతా ఆర్టీసీ బస్సుల్లో 60 దాటినవాళ్లకి 25 శాతం తగ్గింపుంది, వయసు చూపించే కార్డు ఉంటే చాలు. 70 నిండాక వచ్చే, ఏటా 5 లక్షల దాకా ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకి ఆధార్ ఉంటే సరిపోతుంది. రైల్వే రాయితీ 2020 మార్చిలోనే ఆపేశారు, ఏ సంఘం కార్డు చూపించినా అది రాదు.

కట్టేది మనుషుల కోసం. నవంబరు వచ్చిందంటే పెన్షనర్లకి, బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్. మా సంఘంలో ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే ఒకావిడ ఉన్నారు. చాకిరీ చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ మీద ఏ వేలు పెట్టినా పడలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టినా అంతే. పెన్షన్ ఆగిపోతుందని ఆవిడ ఏడుపు. మా సెక్రటరీగారు ఆవిణ్ణి కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ తెరిచి, "ఇటు చూసి ఓసారి కళ్లు ఆర్పండమ్మా" అన్నారు. కాసేపటికే మెసేజ్ వచ్చింది. పిల్లలు దూరాన ఉన్నవాళ్లకి ఇలాంటి తోడు ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను.

ఇక ఖర్చు ఆ 3 వేలతో ఆగదు. కార్తీక వనసమారాధనకి ఇంత, వార్షికోత్సవం భోజనాలకి ఇంత, ఎవరికో సన్మానం, శాలువా. అందరూ ఇస్తుంటే అమ్మగారు కాదనలేరు. చందాలు ఇష్టమున్నవాళ్లే ఇస్తారా, తప్పనిసరా అన్నది ముందే అడగండి. సొసైటీగా రిజిస్టర్ అయిందా, ఏటా జనరల్ బాడీ పెట్టి లెక్కలు చదువుతారా అన్నదీ కనుక్కోండి. లెక్క అడిగితే మొహం మాడ్చుకునే చోట పైసా కట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఆడవాళ్లు ఎంతమంది వస్తున్నారో చూడండి. చాలాచోట్ల మగవాళ్లు పేపర్లు ముందేసుకుని రాజకీయాలు మాట్లాడుకుంటుంటే ఆడవాళ్లు మొహమాటపడి మానేస్తారు. మా దగ్గర సాయంత్రం ఆడవాళ్లకి వేరే సమయం పెట్టాకే పదిమంది రావడం మొదలైంది.

అందుకే ముందు అమ్మగారిని ఊరికే ఓ నెల వెళ్లి కూర్చోమనండి, చాలా సంఘాలు కాదనవు. నచ్చితే మొదటి ఏడాదికి వార్షిక సభ్యత్వం తీసుకోండి. లైఫ్ మెంబర్‌షిప్ సంగతి వచ్చే ఏడు ఆవిణ్ణే తేల్చుకోనివ్వండి.