పాత బాబ్‌క్యాట్‌కి భంగార్ కప్లర్ వేయొచ్చా? వేశాను, రెండుసార్లు

రాజురా తమ్ముడు అడిగింది ఇది: వాళ్ల నాన్న కొన్న పాత స్కిడ్ స్టీర్ లోడర్‌కి (ముందు బకెట్‌తో సరుకు ఎత్తే చిన్న మిషన్) బకెట్ నేరుగా పిన్నులతోనే బిగించి ఉంది. చంద్రపూర్ భంగార్‌లో (పాత ఇనుప సామాను దుకాణం) వేరే కంపెనీ మిషన్ నుంచి తీసిన క్విక్ కప్లర్ (పిన్నులు విప్పకుండా బకెట్ త్వరగా మార్చుకునే ప్లేటు) ఒకటి దొరికింది. "బోర్లు (పిన్ను రంధ్రాలు) కాస్త పెద్దవి చేసి తగిలించేస్తా, ఒక్క పూట పని" అంటున్నాడు వెల్డర్. పాత బకెట్‌ని భంగార్‌కే ఇచ్చేస్తే కొంత డబ్బు కలిసొస్తుందట. నమ్మొచ్చా?

పని అవుతుంది తమ్ముడూ, కానీ ఒక్క పూటలో కాదు. నేను బల్లార్షాలో ఇలాంటి మిషనే కిరాయికి తిప్పుతాను. బొగ్గు సైడింగుల్లో (వ్యాగన్లకి బొగ్గు ఎక్కించే పట్టాల దగ్గర) కన్వేయర్ బెల్టు కింద రాలిపడ్డ బొగ్గు ఎత్తే పనే ఎక్కువ. నాలుగేళ్ల కింద నేనూ భంగార్ కప్లరే వేశాను. మొదటిసారి నీ వెల్డర్ చెప్పినట్టే చేసి దెబ్బతిన్నాను.

అందరూ పడే పొరపాటు ఒకటుంది. కప్లర్ ప్లేటుకి స్టాండర్డ్ ఉంది కాబట్టి ఏ మిషన్‌కైనా పడుతుందనుకుంటారు. ఐఎస్ఓ 24410 అని 2005లో వచ్చింది, నిజమే. కానీ అది బకెట్ వైపు ముఖానికి. పై అంచు ఎలా ఉండాలి, కింద వెడ్జ్ పిన్నులు (బకెట్‌ని పట్టి ఉంచే మొనదేలిన పిన్నులు) దిగే గాళ్లు ఎక్కడ ఉండాలి, అంతవరకే. మిషన్ వైపు ఉండే చెవులు, అంటే ఆర్మ్, సిలిండర్ పిన్నులు దూరే బోర్ల ప్లేట్లు, ఏ కంపెనీవి ఆ కంపెనీవే. అసలు ఈ మిషన్ పుట్టిందే ఒక రైతు అవసరం కోసం. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు టర్కీ కోళ్ల షెడ్డులో చెత్త ఎత్తడానికి చేసిచ్చారు. తర్వాత ప్రతి కంపెనీ తన లెక్కలో తను పెంచుకుంటూ పోయింది. మనం అన్నింటినీ బాబ్‌క్యాట్ అనే పిలుస్తాం గానీ, లోపల ఎవరి కొలతలు వాళ్లవి.

నీకు ముఖ్యమైన కొలత ఆర్మ్ పిన్నుకీ టిల్ట్ సిలిండర్ (బకెట్‌ని ముందుకి వెనక్కి తిప్పే హైడ్రాలిక్ సిలిండర్) పిన్నుకీ మధ్య దూరం, సెంటర్ నుంచి సెంటర్‌కి. నా పాత బకెట్ మీద అది 240 మిల్లీమీటర్లు. భంగార్ కప్లర్ మీద 205. నేను కొలవనేలేదు. పిన్ను దూరింది కదా అని బోరు సాఫు చేయించి బిగించేశాను. ఏమైందంటే, సిలిండర్ తోసే దూరం అదే, కానీ తిప్పే చేయి పొట్టిదైంది. బకెట్ కావాల్సిన దానికంటే ఎక్కువ తిరిగేది. వెనక్కి మడిస్తే సిలిండర్ పూర్తిగా ముడుచుకోకముందే కప్లర్ వీపు ఆర్మ్ అడ్డగొట్టానికి తగిలేది, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్ వదిలేది) కీచుమనేది. గట్టిపడ్డ బొగ్గులో పెకిలించే బలమేమో దాదాపు 15 శాతం పడిపోయింది. 205ని 240తో భాగిస్తే నీకే తెలుస్తుంది. రెండు వారాల్లో చెవి మొదట్లో వెంట్రుక మందాన పగులు కనపడింది.

రెండోసారి ఆ చెవులు గ్యాస్‌తో కోసి పారేసి, 25 మిల్లీమీటర్ల ప్లేటుతో కొత్తవి చేయించాను. నువ్వు నేరుగా ఇక్కడి నుంచే మొదలుపెట్టు.

పాత బకెట్ విప్పకముందు మిషన్‌ని చదునైన కాంక్రీటు మీద పెట్టు. ఆర్మ్‌లు పూర్తిగా దించి స్టాపుల మీద (ఛాసీకి ఉండే ఆనుడు దిమ్మలు) కూర్చోబెట్టు, బకెట్ అడుగు నేలకు ఆనించు. ఇప్పుడు నేల నుంచి ఆర్మ్ పిన్ను సెంటర్‌కి ఎత్తు ఎంతో రాసుకో. టిల్ట్ సిలిండర్ రాడ్డు ఎంత బయటికి ఉందో, గ్లాండ్ (రాడ్డు బయటికి వచ్చే సిలిండర్ మూత) ముఖం నుంచి రాడ్డు కంటి సెంటర్ దాకా, రెండు పక్కలా రాసుకో. పిన్నుల మందం, ఆర్మ్‌ల మధ్య వెడల్పు సరేసరి. కొత్త కప్లర్‌కి బకెట్ తగిలించి నేల మీద పెట్టినప్పుడు ఇవే అంకెలు మళ్లీ రావాలి. పిన్ను సెంటర్ కిందికైతే బకెట్ నేల అందుకోదు. ఎత్తైతే ఆర్మ్‌లు స్టాపుల మీద కూర్చోవు, బరువంతా సిలిండర్ల మీదే ఉంటుంది. నేను సుద్దముక్కతో షెడ్డు గోడ మీదే రాశాను. మా ఆవిడ సున్నం వేయిస్తానంటే ఆ మూల మాత్రం వదిలేయమన్నాను.

కప్లర్ కొనేముందు పగుళ్లు చూసుకో. రంగు వేసి ఉంటే ముందు గీకేయాలి, రంగు కింద ఏముందో ఎవడికి తెలుసు. డై పెనెట్రెంట్ (పగుళ్లు చూపించే రంగు) డబ్బాలు దొరికితే మంచిదే, లేకపోతే పాత పద్ధతి: డీజిల్ రుద్ది పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లు. పగులుంటే తెల్లపొడి మీద తడిగీత మెల్లగా తేలుతుంది. కింది అంచు, వెడ్జ్ పిన్ను నడిచే గూడు, ఈ రెండుచోట్ల తప్పకుండా చూడు.

వెల్డింగ్ సంగతి. 7018 రాడ్లే వాడించు, అదీ ఓవెన్‌లో ఆరబెట్టినవి. వానాకాలంలో తెరిచిపెట్టిన ప్యాకెట్‌తో కొడితే ఆ తేమే తర్వాత పగులవుతుంది. ప్లేటు వేడి చేయమంటే నా వెల్డర్ "మే నెల చంద్రపూర్ ఎండ చాలదా" అన్నాడు. చేయి పెట్టలేమన్నది నిజమే గానీ అది ప్రీహీట్ కాదు. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఆరిపోవాలి. బ్యాటరీ వైరు తీసేయించు. ఎర్త్ క్లాంపు కప్లర్‌కే పట్టించు, ఛాసీకి కాదు. కరెంటు పిన్నుల గుండా, సిలిండర్ల గుండా పోతే అవి లోపల కాలుతాయి.

టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డు) వేసేటప్పుడు అన్ని చెవుల బోర్ల గుండా ఒకే పొడవాటి రౌండు బార్ దూర్చి ఉంచు. లేకపోతే వెల్డు చల్లారేకొద్దీ చెవులు తలో పక్కకి లాగుతాయి, తర్వాత పిన్ను సుత్తితో కొట్టినా దిగదు. కుడి ఒక అంగుళం, ఎడమ ఒక అంగుళం మార్చి మార్చి కొట్టించు. మా దగ్గర కాగజ్‌నగర్ నుంచి వచ్చిన వెల్డర్ ఒకాయన ఇది రోజంతా పట్టి చేశాడు. కూలి ఎక్కువే తీసుకున్నాడు, ఇచ్చేశాను.

ఇక భయపడాల్సిన సంగతి. పని బాగా కుదిరిన మూడు నెలలకు ఒక సైడింగులో బకెట్ ఎత్తుతుంటే ఎడమ పక్క ఊడి, కుడి పిన్ను మీద తలుపు వేలాడినట్టు వేలాడింది. వెడ్జ్ పిన్నుల్ని దించే హ్యాండిల్ చూస్తే బిగించినట్టే కిందికే ఉంది. దించి చూస్తే బకెట్ గాడిలో తడిబొగ్గు పొడి సిమెంటులా గట్టిపడి ఉంది. వెడ్జ్ పిన్ను దిగడానికి చోటు లేక, హ్యాండిల్‌ని పిన్నుకి కలిపే లింకు వంగిపోయింది. మా చిన్నాన్న కొడుకు అప్పుడే బీడీ కోసం పక్కకి వెళ్లాడు. అంతకుముందు నిమిషం అతను నిలబడింది సరిగ్గా ఆ బకెట్ పక్కనే. బెల్టు రోలర్ స్టాండు ఒకటి వంగింది, దాని ఖర్చు నేనే పెట్టుకున్నాను. తప్పు నాదే.

అప్పటి నుంచి హ్యాండిల్‌ని నమ్మడం మానేశాను. బకెట్ మార్చిన ప్రతిసారీ సీటు దిగి, వంగి, రెండు వెడ్జ్‌ల మొనలు గాళ్ల కిందికి బయటికి వచ్చాయో లేదో కంటితో చూస్తాను. తర్వాత సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, బకెట్ మొన నేలకి గుచ్చి ముందు చక్రాలు కాస్త లేచేదాకా నొక్కుతాను. సరిగ్గా పట్టకపోతే అక్కడే ఊడుతుంది, తల మీద కాదు. గాళ్లు తవ్వడానికి పాత స్క్రూడ్రైవర్ ఒకటి సీటు పక్కన ఉంటుంది.

బరువు కూడా తగ్గించుకోవాలి. చక్రాల స్కిడ్ స్టీర్‌కి కంపెనీ రాసే లోడు, మిషన్ ముందుకి తిరగబడే బరువులో సగం. కప్లర్ వేశాక దాని బరువు ముందు చేరుతుంది, పైగా బకెట్ ఇంకాస్త ముందుకి జరుగుతుంది. నా మిషన్‌కి 600 కిలోలని రాసుంది. కప్లర్ వేసినప్పటి నుంచి 500 దాటించను. నాన్నగారికి ముందే చెప్పు, "ఇంతకుముందు ఎత్తేది కదరా" అని అంటారు.

ఖర్చు నాకు కప్లర్ 14,000, చెవులు, బుష్‌లు, పిన్నులు కలిపి లేత్ పని 11,000, వెల్డింగ్ 6,000 అయింది. మొదటిసారి తగలేసింది ఇందులో లేదు.

పాత బకెట్ భంగార్‌కి ఇచ్చేస్తానన్నావు కదా, ఇప్పుడే వద్దు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, వాడు గ్యాస్ కట్టర్ పెట్టకముందే వెళ్లి దాని చెవుల కొలతలైనా తీసుకుని రా.