ఆ సీసాతో మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. దొంగతనానికి లండన్ నుంచి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపిన చిన్నపిల్ల మేరీ వేడ్‌ని కథకు ఎంచుకోవడం బాగుంది. ద్వీపాంతరవాసం అనగానే మనవాళ్లకు అండమానే గుర్తొస్తుంది. మనం ఎరిగిన ఖైదీల స్థావరం అక్కడ మొదలైంది 1858లో. మేరీ ఆస్ట్రేలియాలో ముసలిదై కన్నుమూసింది 1859లో. ఆ రెండేళ్లను పక్కపక్కన చూస్తే నాకే ఒళ్లు జలదరించింది.

కానీ మొదటి పేజీలోనే ఆమెను అమాయకురాలిని చేసేశావు. "ఆకలికి తాళలేక ఓ గౌను తీసింది" అన్నావు. 1789 జనవరిలో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో జరిగిన విచారణ నివేదిక ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది, మళ్లీ చదువు. పంపు దగ్గర సీసాలో నీళ్లు పట్టుకోడానికొచ్చిన ఎనిమిదేళ్ల పిల్లను మేరీ, ఇంకో అమ్మాయి కలిసి మరుగుదొడ్డిలోకి తీసుకెళ్లి గౌను, టోపీ, మెడగుడ్డ ఒలుచుకున్నారు. గౌను తాకట్టు కొట్టుకు చేరింది. ఆ పిల్లను గుంటలో తోసేసి ఉంటే బాగుండేదని మేరీ అన్నట్టు ఒక సాక్ష్యం ఉంది. ఆ మాట నీ కథలో ఎక్కడా లేదేం? చదవలేదా, చదివి దాటేశావా? దాటేసి ఉంటే మాత్రం నాకు కోపం. అయితే అది మేరీ నోట నేరుగా విన్న మాట కాదు, సాక్షి చెప్పింది. ఆ తేడా కూడా రాయాలి.

వయసు పదకొండని తేల్చేశావు. పదమూడనేవాళ్లూ ఉన్నారు. తేలనిది తేలలేదనే రాయి. ఆ వయసు పిల్లకు ఉరిశిక్ష వేశారన్న నిజం, అది తర్వాత ద్వీపాంతరవాసంగా మారినా, రెండు అంకెల్లో ఏదైనా నిలుస్తుంది.

ఇక వెతుకులాట సంగతి. పేరొక్కటే పట్టుకుని వెళ్లకు, ఓడ పేరు పట్టుకో. ఆస్ట్రేలియా వలసరాజ్యపు రికార్డుల్లో ఖైదీ పేరు పక్కనే వచ్చిన ఓడ పేరు కూడా రాసేవారు. మేరీది లేడీ జూలియానా, 1790 జూన్‌లో సిడ్నీ చేరింది. ఈ సూత్రం తెలియక నేను ఆరు నెలలు పాడుచేసుకున్నాను. టాస్మానియాకు వెళ్లిన ఒక జాన్ వెంటపడ్డాను. తీరా చూస్తే ఒక పట్టీలో అతను ఐదడుగుల మూడంగుళాలు, ఇంకోదాంట్లో ఐదడుగుల ఎనిమిది. నలభై ఏళ్లొచ్చాక ఐదంగుళాలు పెరిగే మగాణ్ణి నేనింకా చూళ్లేదు! ఎత్తు, మచ్చలు, పచ్చబొట్లు కూడా రాసి పెట్టారు గనక బతికిపోయాను.

ఇంకొకటి. కొరడాదెబ్బలు పడిన రోజు, టికెట్ ఆఫ్ లీవ్, అంటే శిక్షాకాలం ముగియకముందే సొంతంగా పనిచేసుకు బతకనిచ్చే అనుమతి, ఇచ్చిన రోజు గుమాస్తా కలం తీస్తాడు. ఊరికే గడిచిన రోజు తియ్యడు. అందుకే ఎక్కువ కాగితాలున్న ఖైదీ ఎక్కువ బతికినవాడని పొరబడతాం. మేరీని సిడ్నీ నుంచి పంపిన నార్ఫోక్ దీవిలో గడిచిన ఏళ్లను నువ్వు నాలుగు వాక్యాల్లో ముగించావు, అలాగే ఉంచు.

మొదటి పేజీ మాత్రం తిరగరాసి పంపు. మేరీతో కాదు, ఆ చిన్నపిల్ల చేతిలో సీసాతో మొదలుపెట్టి చూడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు